ఏరు ఇంకా దాటలేదు

అమ్మ పోయినప్పటి నుంచి నాకు తల్లిగారిల్లంటే అక్క ఇల్లే. మహబూబ్‌నగర్ నుంచి మర్రిగూడ మండలంలోని వాళ్ల ఊరికి బస్సులు మారి పోవాలి. అయినా బతుకమ్మకు పోకుండా ఉండను. 2024లో సద్దుల బతుకమ్మ నాడు అక్క తన పట్టుచీర కట్టుకోమంది. "సందుగల అడుగున ఉంటది, తీస్కో పో" అని చెప్పి తను తంగేడు పువ్వు పేర్చుకుంటూ కూర్చుంది.

చీరల కింద ఒక కవరు చేతికి తగిలింది. తీసి చూస్తే గోలీల షీట్లు. లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. ఒక్కటి కూడా చింపలేదు. షీటుకు పది గోలీలు, రోజుకు ఒకటి. అంటే ఏడు నెలలు.

అవి అక్క రొమ్ము కేన్సర్ గోలీలు. రెండేళ్ల కింద ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు పెట్టడం అయింది. తర్వాత ఐదేళ్లు రోజూ వేసుకోవాలని డాక్టరు రాసిచ్చినవి ఇవి. నెలనెలా మా చిన్నోడు, అంటే అక్క కొడుకు, చౌటుప్పల్ పోయి మూడు షీట్లు కొనుక్కొస్తున్నాడు. నెలనెలా అక్క వాటిని తీసుకుని సందుగలో పెడుతోంది. ఆ కవరు సంగతి మరిచిపోయి నన్ను సందుగ తెరవమందో, నేను చూడాలనే తెరవమందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి బతుకమ్మను చెరువులో వదిలి వచ్చాక అడిగాను.

"ఏందక్కా ఇది?"

"మెల్లగ మాట్లాడు. పిలగాడు ఇంటడు."

"ఎందుకు బంద్ చేసినవు?"

"పొద్దుగాల లేస్తె పిడికిలి మూతపడ్తలేదు చెల్లె. మోకాళ్లు ఇరిగినట్టె. పత్తి ఏరొస్తలేదు, చాట పట్టరాలేదు. గోలీలు ఆపినంక జర నయమైంది."

"మరి కొనిపిచ్చుడెందుకు?"

"వద్దంటె వాడు బాధపడ్తడు. ఆపరేషన్ అయిపాయె, కరెంటు పెట్టుడు అయిపాయె, ఎంటికలు గూడ మల్ల వచ్చె. ఇంక రోగమేడుంది?"

నాకు కోపం వచ్చింది. కానీ ఆ కోపం నిలవలేదు. ఎందుకంటే ఆ మాట అక్క సొంతంగా అన్నది కాదు, మేము చెప్పిందే. కరెంటు పెట్టడం అయిపోయిన వారానికి అందరం జీపు మాట్లాడుకుని యాదగిరిగుట్టకు పోయి మొక్కు తీర్చుకున్నాం. "ఇగ అయిపోయిందక్కా, గండం దాటినవ్" అని కొండ మీద దాన్ని పట్టుకుని ఏడ్చింది నేనే. మొక్కు తీరిందంటే మన ఇళ్లల్లో రోగం తీరినట్టే లెక్క. ఆ తర్వాత దాని గోలీ గురించి ఎవరూ అడగలేదు. నేను రోజు విడిచి రోజు ఫోన్ చేసేదాన్ని. "ఏం కూర వండినవ్" అని అడిగాను గానీ "గోలీ వేసుకున్నవా" అని ఒక్కసారి అడగలేదు.

మన దిక్కు ఒక సామెత ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినంక బోడ మల్లయ్య. అవసరం తీరాక మనుషులను మరిచేవాళ్ల గురించి వాడతాం. ఈ గోలీ విషయంలో ఇంకో తప్పు కూడా ఉంది. మనం ఏరు దాటకముందే, నడి ఏట్లో ఉండగానే, ఓడ దిగుతున్నాం. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది అంతే. ఆపరేషన్ ఒడ్డు కాదు. గోలీ కూడా వైద్యమే. దాన్ని ఐదేళ్లు నడిపించే బాధ్యత ఆ ఒక్క ఆడమనిషిది కాదు, ఇంటిది.

ముందు ఈ గోలీ ఏం చేస్తుందో తెలియాలి. అక్కకు ఎవరూ చెప్పలేదు. చీటీ మీద రాసిచ్చారు, రోజుకొకటి అన్నారు, వెనక నిలబడ్డ వాళ్లను పిలిచారు. ఊళ్లో ఎవరో "అవి హార్మోన్ గోలీలు, లావైతరు, మల్ల అదే రోగం తెస్తయ్" అన్నారట. దాన్ని నమ్మింది. పేరే అట్లా ఉంది మరి. నిజానికి ఇవి హార్మోన్ ఇచ్చే గోలీలు కావు, హార్మోన్‌ను అడ్డుకునే గోలీలు.

రొమ్ము కేన్సర్ వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఆ గడ్డ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మీద బతుకుతుంది. తీసిన ముక్కను పరీక్షకు పంపి ఇది చూస్తారు. రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' అని ఉంటే అర్థం అదే. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ కాగితం వెతికి చూడండి. అది నెగటివ్ అయితే ఈ గోలీలతో పని లేదు. పాజిటివ్ అయితే ఈ గోలీ వాళ్లకు కీమోకు ఏమాత్రం తక్కువ కాదు.

అక్కకు నేను వ్యవసాయం మాటల్లోనే చెప్పాను. చేన్ల తుంగ పీకుతాం. గుంటుక తోలుతాం. పైకి చేను సాఫుగా ఉంటది. కానీ లోపల ఎక్కడో చిన్న గడ్డ మిగిలే ఉంటది. తడి తగిలిన నాడు మొలుస్తది. ఆపరేషన్ అంటే పీకుడు. కీమో, కరెంటు అంటే గుంటుక తోలుడు. ఈ గోలీ పని వేరు. మిగిలిన గడ్డకు తడి తగలనియ్యదు.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది టమాక్సిఫెన్. మోటారు నడుస్తూనే ఉంటుంది, నీళ్లు పారుతూనే ఉంటాయి, కానీ ఆ మడిలోకి పోకుండా మడవ కట్టేసినట్టు. ముట్లు ఇంకా అవుతున్నవాళ్లకు ఎక్కువగా ఇదే ఇస్తారు. రెండోది లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ అనే మందుల కుటుంబం. ముట్లు ఆగిపోయాక అండాశయాలు పని మానుకున్నా ఒంట్లో కొవ్వు దగ్గర కొద్దిగా ఈస్ట్రోజెన్ తయారవుతూనే ఉంటుంది. ఈ మందులు అక్కడే దాన్ని ఆపుతాయి, మోటారే బంద్ చేసినట్టు. అక్కకు ఇచ్చింది లెట్రోజోల్.

ఈ మందు వెనక ఉన్న కథ కూడా పశువులతో, పంటలతో బతికిన మనలాంటి వాళ్లకు తొందరగా అర్థమయ్యేదే. స్కాట్లాండ్‌లో జార్జ్ బీట్సన్ అనే డాక్టరు, ఆవుల అండాశయాలకూ పాలకూ సంబంధం ఉందని రైతులకు తెలుసునన్న సంగతి పట్టుకుని ఆలోచించాడు. ముదిరిన రొమ్ము కేన్సర్ ఉన్న ఆడవాళ్లకు అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగాయని 1896లో రాశాడు. అప్పటికి హార్మోన్ అనే మాటే పుట్టలేదు. తర్వాత 1962లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త టమాక్సిఫెన్ తయారు చేసింది. వాళ్లు వెతికింది గర్భం రాకుండా ఆపే మందు కోసం. దానికి ఇది పనికిరాలేదు. 1971లో మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రిలో మేరీ కోల్ అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్లు రొమ్ము కేన్సర్‌కు ఇచ్చి చూసిన ఫలితాలు ప్రకటించారు. ఒక పనికి దండుగ అనుకున్న మందు ఇంకో పనికి ప్రాణాలు నిలబెట్టింది.

మరి ఐదేళ్లు ఎందుకు? జ్వరం గోలీ ఐదు రోజులు వేసుకుంటాం, దీనికి ఐదేళ్లా అని బావ అడిగాడు. ఈ రకం కేన్సర్‌కు తొందర లేదు. ఐదేళ్లకు, పదేళ్లకు, ఇంకా తర్వాత కూడా తిరిగి రావచ్చు. ఎన్నో దేశాల పరీక్షలను కలిపి 2011లో లెక్క చూశారు. ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్లు ఐదేళ్లు టమాక్సిఫెన్ వేసుకుంటే, పదిహేనేళ్లలో ఈ జబ్బుతో చనిపోయే ప్రమాదం దాదాపు మూడో వంతు తగ్గింది. మందు ఆపేశాక కూడా దాని మేలు ఏళ్ల తరబడి ఉంది. 2012లో వచ్చిన ఇంకో పెద్ద పరిశోధన, కొందరికి పదేళ్లు వేసుకుంటే ఇంకా మేలని చెప్పింది. ఎవరికి ఐదు, ఎవరికి పది అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. ఎప్పుడు ఆపాలో నొప్పి చెప్పకూడదు, పక్కింటామె చెప్పకూడదు.

అట్లాగని నొప్పి అబద్ధమా? కాదు. మనం చేసిన అన్యాయం ఇక్కడే ఉంది. లెట్రోజోల్ కుటుంబం గోలీలు వేసుకునే ఆడవాళ్లలో ఇంచుమించు సగం మందికి కీళ్ల నొప్పులు వస్తాయి. పొద్దున లేవగానే చేతివేళ్లు బిగుసుకుపోవడం దాని గుర్తే. అక్క అన్న "పిడికిలి మూతపడ్తలేదు" అన్న మాట ఏ డాక్టరుకు చెప్పినా వెంటనే పోల్చుకునేవాడు. కానీ అక్క డాక్టరుకు చెప్పలేదు. ఇంట్లో చెబితే ఏమన్నారు? "వయసైతుంది గదా", "అందరికున్నయ్ నొప్పులు" అన్నారు. ఒళ్లంతా మంటలెత్తి నడిరాత్రి లేచి అరుగు మీద కూర్చుంటే "ముట్లుడిగినంక అట్లనే ఉంటది" అన్నారు. కింద పొడిబారి మొగుడి పక్కన పడుకోవాలంటే భయపడితే, ఆ మాట చెప్పుకోవడానికి మనిషే లేదు. చెప్పినా వినని నొప్పిని తగ్గించుకోవడానికి దాని చేతిలో ఉన్న ఒకే ఉపాయం, గోలీ ఆపడం. ఆపింది. దీన్ని మొండితనం అని ఎట్లా అనను?

అక్కది నల్లగొండ జిల్లా. అందులో మర్రిగూడ. ఫ్లోరైడ్ నీళ్లు అంటే దేశం మొత్తం తలుచుకునేది ఈ ప్రాంతాన్నే. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టారు. ఇప్పుడు మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పిల్లలు బతికిపోయారు. కానీ అక్క పుట్టి పెరిగింది బోరింగు నీళ్ల మీద. ఆ నీళ్లు చిన్నప్పుడు ఎముకల్లోకి ఎక్కినవి ఎక్కినట్టే ఉంటాయి. నడుం పట్టేయడం, మోకాళ్లు వంగకపోవడం అక్కడ నలభై ఏళ్లకే మామూలు సంగతి. అందుకే గోలీ తెచ్చిన నొప్పి కూడా ఆ గుంపులో కలిసిపోయింది. ఎవరికీ కొత్తగా కనపడలేదు.

ఇంకో సంగతి ఉంది. లెట్రోజోల్ లాంటి గోలీలు ఎముకల్ని గుల్ల చేస్తాయి. అందుకే మొదలుపెట్టేటప్పుడు ఎముక సాంద్రత స్కానింగు చేస్తారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎముక ఆ స్కానింగులో దిట్టంగా కనపడవచ్చు. కానీ అది పెళుసు ఎముక. కాబట్టి మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి దిక్కు ఆడవాళ్లు పట్నంలో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "మాది ఫ్లోరైడ్ ఊరు, ఇన్నేళ్లు ఆ నీళ్లు తాగినం" అని అడక్కపోయినా చెప్పండి. పట్నం డాక్టరుకు ఆ సంగతి ముఖం చూస్తే తెలియదు.

పండగ అయిన నాలుగో రోజు అక్కను తీసుకుని పట్నం పోయాను. బస్సులో ఇద్దరికీ ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, దాని మంచిచెడ్డలు ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడతారు. నాకైతే ఆనాడు ఒకటే తోచింది. బావను రూపాయి అడగకుండా, ఎందుకు పోతున్నామో చెప్పకుండా, ఇద్దరు ఆడవాళ్లం దవాఖానకు పోగలిగాం.

ఈసారి లోపలికి నేను కూడా పోయాను. సందుగలో దొరికిన షీట్ల సంగతి నేనే చెప్పాను. అక్క తల వంచుకుంది, తిడతారని. డాక్టరమ్మ తిట్టలేదు. "చాలామంది ఆపేస్తారమ్మా, చెప్పరు అంతే" అంది. పరీక్షలు రాసింది. దేవుడి దయ, రిపోర్టులు బాగానే వచ్చాయి. లెట్రోజోల్ బదులు అదే కుటుంబంలోని ఎక్సెమెస్టేన్ మార్చి ఇచ్చింది. ఒక గోలీ పడనివాళ్లకు ఇంకొకటి పడవచ్చునట. కాల్షియం, విటమిన్ డి రాసింది. రోజూ నడవమంది, చేతులకు కాళ్లకు చిన్న చిన్న వ్యాయామాలు చూపించింది. కదిలితే ఈ నొప్పులు తగ్గుతాయని పరిశోధనల్లో తేలిందట. పొడిబారడం గురించి నేనే సిగ్గు విడిచి అడిగాను. దానికీ ఉపాయాలున్నాయి, కానీ షాపులో సొంతంగా క్రీములు కొనవద్దు, కొన్నింట్లో ఈస్ట్రోజెనే ఉంటుంది అని చెప్పింది. రెండేళ్లు అక్క మోసిన బాధకు జవాబు ఇరవై నిమిషాల్లో దొరికింది. అడగడానికే రెండేళ్లు పట్టింది.

టమాక్సిఫెన్ వేసుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడితే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి, ఈ మందుతో గర్భసంచి లోపలి పొరకు అరుదుగా ముప్పు ఉంటుంది. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా అదే రోజు దవాఖానకు పోవాలి, రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ మందు వాడుతుండగా గర్భం రాకూడదు. దిగులుకు ఇచ్చే కొన్ని గోలీలు టమాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి, కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఈ గోలీ వాడుతున్నామని చెప్పాలి. ఇవన్నీ భయపడి ఆపడానికి కాదు, తెలిసి వాడడానికి.

ఖర్చు గురించి ఒక మాట. ఇవి కీమోలాగా లక్షల మందులు కావు. టమాక్సిఫెన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధర మీద అదుపు ఉంది. జన ఔషధి దుకాణాల్లో ఇంకా చౌక. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే మన సర్కారు కేన్సర్ దవాఖాన. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు అక్కడ అడగవచ్చు. కాబట్టి చాలా ఇళ్లల్లో గోలీ ఆగేది డబ్బు లేక కాదు. పట్టించుకునే మనిషి లేక.

నా మాట అందరూ ఒప్పుకోరని తెలుసు. మా తోటికోడలు అంది, "యాభై నాలుగేళ్ల మనిషి, ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండ ఉండనియ్యరాదా? దాని ఒళ్లు దాని ఇష్టం" అని. ఆ మాటను నేను కొట్టేయను. దాని ఒళ్లు దాని ఇష్టమే. ఆపితే ఏమవుతుందో, వేసుకుంటే ఎంత మేలో, నొప్పికి ఏమేం దారులున్నాయో అన్నీ విని, డాక్టరుతో కూర్చుని "నాకు వద్దు" అంటే అది నిర్ణయం. కొడుకు బాధపడతాడని షీట్లు సందుగలో దాచడం నిర్ణయం కాదు. అది ఒంటరితనం. ఆడది తన ఒంటి బాధను ఇంట్లోవాళ్లకు బరువు కాకుండా దాచుకోవడం మనకు చిన్నప్పటి నుంచి నేర్పిన విద్యే. కేన్సర్ వచ్చినా ఆ విద్య మరిచిపోలేదు మా అక్క.

అందుకే నేను అడిగేది రోగిని కాదు, ఇంటివాళ్లను. కీమో అప్పుడు బత్తాయి రసం తీసి పెట్టిన కోడలు, దవాఖాన బయట చెట్టు కింద రాత్రంతా కూర్చున్న కొడుకు, మొక్కులు మొక్కిన చెల్లెళ్లు, వీళ్లంతా కరెంటు పెట్టడం అయిపోగానే ఎటు పోయారు? వెంట్రుకలు రాలినప్పుడు జాలిపడ్డ కళ్లకు, పిడికిలి మూతపడకపోవడం ఎందుకు కనపడలేదు? రోగం కనపడినన్నాళ్లే మన ప్రేమ పనిచేస్తుందా? కనపడని ఐదేళ్లలోనే కదా దాని అసలు అవసరం.

మా ఇంట్లో ఇప్పుడు పెద్ద ఏర్పాటేమీ లేదు. పొద్దున కోడలు చాయ్‌తో పాటు రెండు బిస్కెట్లు తినిపించి, చాయ్ పక్కన గోలీ పెడుతుంది. గోడ మీద తెలుగు క్యాలెండరులో ఆ రోజు తేదీ మీద పసుపు బొట్టు పెడుతుంది. నెలాఖరుకు బొట్లు, ఖాళీ షీట్లు లెక్క కలవాలి. చిన్నోడు ఖాళీ షీట్లు చూశాకే కొత్తవి కొంటాడు. బావకు మెల్లగా అర్థమైంది, పత్తి ఏరడానికి కూలీని పెట్టాడు. నేను ఫోన్ చేసి ముందు గోలీ అడుగుతాను, తర్వాత కూర.

నొప్పులు పూర్తిగా పోలేదు. కొత్త గోలీతో తగ్గాయంటుంది. కొన్ని పొద్దులు పిడికిలి మూతపడుతుంది, కొన్ని పొద్దులు పడదు. పడని నాడు అది నాకు చెబుతుంది, అది చాలు. మందు లేకుండా పోయిన ఆ ఏడు నెలలు ఏం చేస్తాయో, ఏమీ చేయవో ఎవరమూ చెప్పలేం. ఆ లెక్క నా మనసులో అట్లాగే ఉంది.

మీ ఇంట్లో, మీ చుట్టాల్లో ఈ జబ్బు దాటి వచ్చిన ఆడమనిషి ఉంటే ఈ వారం ఒకసారి ఆమె ఇంటికి పోండి. "ఎట్లున్నవ్" అని అడిగితే "మంచిగున్న" అనే అంటుంది, మనం అట్లాగే నేర్చుకున్నాం. దాని బదులు "గోలీతో ఏమైతుంది నీకు?" అని అడిగి, పక్కన కూర్చుని, జవాబు అయిపోయేదాకా వినండి.